ముప్ఫై ఒకటో ప్రశ్న

ఆర్డెల్ ప్రూయిట్ ఏం ఉద్యోగం చేస్తుందో ఆమె చెల్లెలు కొరీన్‌కి ఎన్నేళ్లకీ అంతుపట్టలేదు. చర్చిలో ఎవరైనా అడిగితే "మా అక్క సర్కారు కాగితాలు తూకం వేస్తుంది" అని నవ్వేసేది. నవ్వుకి అన్న మాటే గానీ అందులో నిజం లేకపోలేదు.

అక్కచెల్లెళ్లిద్దరూ పుట్టి పెరిగింది మేరీలాండ్‌లో, అమెరికా రాజధాని నగరాన్ని ఆనుకుని ఉన్న సీట్ ప్లెజెంట్‌లో. తండ్రి సిటీ బస్సు నడిపేవాడు. ఒక చలికాలం బస్సు దిగుతూ మంచు మీద జారి నడుం విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు తల్లి నెలల తరబడి ఫారాలు నింపింది. వంటింటి బల్ల శుభ్రంగా తుడిచి, దాని మీద ఫారం పరిచి, తప్పు పడితే మళ్లీ మొదటికొస్తుందని ముందు పెన్సిలుతో రాసుకుని ఆ తర్వాత సిరాతో దిద్దేది. ఎవరికీ జంకని మనిషి, ఆ కాగితం ముందు మాత్రం చెయ్యి వణికేది. పిల్లలు పక్కన నిలబడి ఆ చేతినే చూస్తుండేవాళ్లు.

ఆర్డెల్ ఇరవై మూడేళ్లకి ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుగా చేరింది. దేశంలో ఎవరు ఏ జబ్బుతో బతుకుతున్నారు, ఎవరు దేనితో పోయారు అని లెక్క కట్టే ఆఫీసు అది. నాలుగైదు బల్లలు మారి, చివరికి సర్వే ఫారాలకి అనుమతులు తెప్పించే విభాగంలో కుదురుకుంది. ఆ పని కొరీన్‌కే కాదు, చాలామందికి కొత్త. ప్రభుత్వం పదిమందిని గానీ అంతకు మించి గానీ ఒకే ప్రశ్న అడగాలంటే ముందు గెజిట్‌లో ప్రకటన వెయ్యాలి. ఫలానా ఫారం పంపబోతున్నాం, ఇన్ని వేలమందికి పంపుతాం, నింపడానికి ఒక్కొక్కరికి ఇన్ని నిమిషాలు పడుతుంది, ఏమైనా చెప్పదలిస్తే అరవై రోజుల్లో రాయండి అని. వచ్చిన ఉత్తరాలకి జవాబులు తయారు చేసి నగరంలోని పెద్ద ఆఫీసుకి పంపాలి. అక్కడ మరో ముప్ఫై రోజులు గడువు. అన్నీ దాటితే మూడేళ్ల పాటు చెల్లే అనుమతి వస్తుంది. మూడేళ్లు కాగానే మళ్లీ మొదట్నించీ.

ఫారం నింపడానికి పట్టే ఆ నిమిషాలకి చట్టం పెట్టిన పేరు భారం. ఆ మాట ఆర్డెల్‌కి నచ్చింది. అమ్మ చెయ్యి వణికిన సంగతి ఎక్కడో ఎవరో పెద్దమనిషికి తెలిసే ఆ పేరు పెట్టాడనుకునేది. నర్సులకి పంపే ఒక ఫారంలోంచి పదకొండు పనికిమాలిన ప్రశ్నలు తీయించినప్పుడు వారం రోజులు గాల్లో తేలినట్టు తిరిగింది.

ఉత్తరాలు మాత్రం వచ్చేవి కావు. గెజిట్ ఎవరు చదువుతారు? ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి. అందులో ఒకటి ఎప్పుడూ నెబ్రాస్కా నుంచి ప్రతి ప్రకటననీ తిడుతూ రాసే ఒక పెద్దాయనది. ఆర్డెల్ దానికీ మర్యాదగా జవాబు తయారు చేసేది.

తొంభై ఎనిమిది వసంతంలో కొత్త సర్వే ఒకటి వచ్చింది. ఇంట్లో మనిషి పోయిన ఆర్నెల్లకో ఏడాదికో, దగ్గరి బంధువుకి పంపే ఫారం. చివరి నెలలో ఎవరు చూసుకున్నారు, నొప్పి ఉండేదా, నర్సు వచ్చేదా, ఇలా నలభై ప్రశ్నలు. ఇంటి దగ్గర రోగులకి ఎలాంటి సాయం అందడం లేదో తెలుసుకోవాలని డాక్టర్లు అడిగి రాయించుకున్న సర్వే. ఉద్దేశం మంచిదే. ముప్ఫై ఒకటో ప్రశ్న ఇలా ఉంది: "చివరి నెలలో ఆ వ్యక్తి అడిగినది, మీరు ఇవ్వలేకపోయినది ఏమైనా ఉందా?" దాని కింద మూడు గళ్లు. ఉంది, లేదు, తెలియదు.

ఎంత సేపు పడుతుందో తెలియాలంటే కొంతమంది చేత నింపించి చూడాలి. అనుమతి రాకముందే పదిమందిని అడగడం చట్టవిరుద్ధం కాబట్టి ఎప్పుడూ తొమ్మిది మందినే అడిగేవాళ్లు. ఆ తొమ్మిది ఇళ్లకీ ఆర్డెలే స్టాప్‌వాచ్ పట్టుకుని వెళ్లింది. ఎనిమిదీ సాఫీగా అయిపోయాయి. ఒకరికి పద్నాలుగు నిమిషాలు, ఒకరికి ముప్ఫై ఒకటి, మిగతావి వాటి మధ్యన. తొమ్మిదోది సముద్రపు అఖాతానికి అవతల, రేవు ఊరైన క్రిస్‌ఫీల్డ్‌లో.

ఆయన పేరు విల్మర్ డషీల్. డెబ్భై దాటాయి. నలభై ఏళ్లు పీతల పడవ మీద బతికిన మనిషి. చేతులు పాత మోకుల్లా ఉన్నాయి. భార్య నెటీ పోయి పద్నాలుగు నెలలైంది. ఇల్లు తీర్చినట్టు ఉంది. ఆర్డెల్ వస్తుందని ఉప్పు బిస్కెట్లూ పీతల సూపూ సిద్ధం చేసి ఉంచాడు. నగరం నుంచి వచ్చిన నల్లజాతి ఆడమనిషి తన బల్ల దగ్గర కూర్చోవడం ఆయనకి అలవాటు లేని సంగతేనని ఆమెకి అర్థమైంది. ఆ మొహమాటం ఆయన కుర్చీని మూడుసార్లు సర్దడంలో కనిపించింది, అంతే. మాటలో ఎక్కడా లేదు.

సరిగ్గా పన్నెండుకి మొదలుపెట్టాడు. సర్కారు అడిగిందంటే సరిగ్గా చెప్పాలన్నది ఆయన పద్ధతి. నర్సు ఎన్నిసార్లు వచ్చిందన్న ప్రశ్నకి మేడ మీదికి వెళ్లి ఆ ఏడాది క్యాలెండరు తెచ్చాడు. మందుల పేర్లకి అలమారలోంచి ఖాళీ సీసాలు తీశాడు. అవి ఇంకా అక్కడే ఉన్నాయి. ముప్ఫై ఒకటి దగ్గరికి వచ్చేసరికి రెండు దాటింది. అక్కడ పెన్సిలు ఆగిపోయింది.

ఆర్డెల్ నోరు మెదపకూడదు. జవాబు సూచించకూడదు, తొందరపెట్టకూడదు, ఓదార్చకూడదు. అది నియమం. స్టాప్‌వాచ్ నడుస్తూనే ఉంది. గోడవతల ఎవరో పడవ అడుగుకి అంటిన నాచు గీకుతున్న చప్పుడు. అరగంట పోయాక ఆయనే మాట్లాడాడు. జనవరిలో ఒక తెల్లవారుజామున నెటీ కిటికీ తెరవమందట. పడవలు బయల్దేరుతున్న చప్పుడు వినాలందట. జలుబు చేస్తుందని ఆయన తెరవలేదు. ఆమె మళ్లీ అడగలేదు. తర్వాత నాలుగు రోజులే ఉంది.

చెప్పి, ఫారం ఆమె వైపు తిప్పాడు.

"ఏ గడిలో టిక్కు పెట్టమంటారండీ?"

"మీకేది సరి అనిపిస్తే అదేనండీ," అంది ఆర్డెల్. నియమాల పుస్తకంలో ఉన్న మాట అదే.

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. "అది తెలిస్తే మిమ్మల్నెందుకు అడుగుతానండీ?"

నాలుగింటికి పది నిమిషాలుండగా, దారి పొడుగని తనే లేచింది. ముప్ఫై ఒకటి ఖాళీగానే ఉంది, దాని తర్వాతివీ ఖాళీగానే ఉన్నాయి. ఫారం ఇవ్వమని అడిగితే, పూర్తి కాలేదు కదా, అయ్యాక పంపిస్తానన్నాడు. పట్టిన కాలం రెండువందల ముప్ఫై నిమిషాలని ఆమె కాగితం మీద రాసుకుంది.

విభాగం పెద్ద నార్బర్ట్ హెస్ చెడ్డవాడు కాదు. సిబ్బంది ఇళ్లలో ఎవరికి బాగోలేకపోయినా ముందు పలకరించేది అతనే. కానీ ఆ అంకె చూసి తల అడ్డంగా ఊపాడు. ఎనిమిది మందివి కలిపితే సగటు ఇరవై రెండు నిమిషాలు. ఈ ఒక్కదాన్నీ చేరిస్తే నలభై అయిదవుతుంది. నలభై అయిదని అచ్చేస్తే ఫారం ఎవరూ ముట్టుకోరన్నాడు.

"ఆయన కూడా మనిషేగా, నార్బర్ట్," అంది ఆర్డెల్.

"మనిషే. సగటు మనిషి కాడు."

ఇరవై రెండు నిమిషాలని గెజిట్‌లో పడింది. అరవై రోజుల్లో ఒకే ఒక్క ఉత్తరం వచ్చింది. గీతల కాగితం మీద పెన్సిలు రాత.

"అయ్యా, మీ ప్రకటన చూశాను. ఇరవై రెండు నిమిషాలని వేశారు. మీరు అడిగిన తొమ్మిదో మనిషిని నేను. పన్నెండింటికి మొదలెట్టాను. మీరు పంపినావిడ నాలుగింటికి కాస్త ముందు వెళ్లింది. అప్పటికి అవలేదు. ముప్ఫై ఒకటి ఇంకా రాస్తూనే ఉన్నాను. సరిచేయగలరు. విల్మర్ డషీల్, క్రిస్‌ఫీల్డ్."

దానికి జవాబు తయారు చేయాల్సింది ఆర్డెలే. ఒక ఉత్తరం అందినది, అంచనా తక్కువని రాసినవారి అభిప్రాయం, అంచనా పరీక్షల మీద ఆధారపడినది, మార్పు అవసరం లేదు. నాలుగు ముక్కలు. టైపు చేసి సంతకానికి పెట్టి, క్యాంటీన్‌కి వెళ్లి కూర్చుంది. తెచ్చుకున్న అన్నం ముట్టకుండా డబ్బా మూసేసింది.

ఆ రోజు నుంచి ఆయన ప్రశ్న ఆమెని పట్టుకుంది. లిఫ్టులో తలుపులు మూసుకుంటున్నప్పుడు, పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరిచి పడుకున్నప్పుడు, కొరీన్ ఏదో అడిగి జవాబు కోసం చూస్తున్నప్పుడు, ఏ గడిలో టిక్కు పెట్టమంటారండీ అని ఆ గొంతు వినపడేది. ఇలా అనుంటే బాగుండేదని ఆమె ఎన్నో జవాబులు కూర్చుకుంది. మీ తప్పు లేదండీ అనుంటే? కాసేపు ఫారం పక్కన పెడదామా అనుంటే? ఏదీ కుదరలేదు. ఇంట్లో ఎవరికైనా చెబుదామంటే, పరీక్షలో జరిగింది బయటికి చెప్పకూడదన్న నియమం ఒకటి.

మూడేళ్లకి ఫారం అనుమతి మళ్లీ గెజిట్‌కి ఎక్కింది. ప్రకటన పడ్డ తొమ్మిదో రోజున పెన్సిలు ఉత్తరం వచ్చింది. ఈసారి కొంచెం పొడుగు. ఆ రోజు గాలి ఏ వైపు నుంచి వీచిందో గుర్తు తెచ్చుకుంటున్నానని రాశాడు. నైరుతి గాలైతే గది అంత చల్లబడేది కాదు, అప్పుడు తెరిచి ఉండొచ్చు, ఈశాన్యమైతే తెరవకపోవడమే సరి. ఇంకా తేలలేదు. మీ ఇరవై రెండు నిమిషాలు సరిచేయగలరు.

రెండువేల నాలుగులో మూడోది వచ్చింది. "ఆ రోజు గాలి ఈశాన్యమే. రేవు వాళ్ల పుస్తకం తిరగేసి చూశాను. కాబట్టి తెరవకపోవడం సరైనదే. అయితే మీరు అడిగింది అది కాదు. ఆమె అడిగిందా, నేను ఇచ్చానా అన్నారు. అందుకని మళ్లీ మొదలెట్టాను. మీ నిమిషాలు సరిచేయగలరు."

రెండుసార్లూ ఆర్డెల్ అదే జవాబు టైపు చేసింది. మూడో ఉత్తరం వచ్చినప్పుడు మాత్రం నార్బర్ట్ గదిలోకి వెళ్లి, ఆ రెండువందల ముప్ఫైని ఇప్పుడైనా కలుపుదామంది. ఆరేళ్ల కిందటి పరీక్ష తిరగదోడితే నగరం వాళ్లు వంద ప్రశ్నలు వేస్తారని అతను విసుక్కున్నాడు. ఆమె తన బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. మూడు ఉత్తరాల నకళ్లూ సొరుగులో విడిగా పెట్టుకుంది. చలికాలంలో కొరీన్ ఇంటి కిటికీలు బిగిస్తుంటే అక్క ఆ గదిలో ఉండకుండా లేచి వెళ్లిపోవడం మొదలైంది. ఎందుకో కొరీన్‌కి తెలియలేదు, అడిగినా చెప్పలేదు.

రెండువేల ఏడులో ఉత్తరం రాలేదు.

ప్రకటన మే నెలలో పడింది. ఆర్డెల్ రోజూ టపా గదికి తనే వెళ్లేది. ముప్ఫై రోజులు, నలభై, యాభై. నెబ్రాస్కా పెద్దాయన తిట్లు వచ్చాయి. ఆఖరి శుక్రవారం సాయంత్రం టపా గది మూసేదాకా అక్కడే నిలబడింది. మర్నాడు పొద్దున్నే కారు తీసి, వంతెన దాటి, మూడు గంటలు నడిపి క్రిస్‌ఫీల్డ్ చేరింది.

ఇంటికి తాళం. తోటలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఎన్నాళ్లుగానో ఊడవని మెట్లు చూడగానే ఆమెకి విషయం తెలిసిపోయింది. పక్కింటి ముసలామె ఆయన మార్చిలో పోయాడని చెప్పి, మేనకోడలు ఒలీటా మార్ష్ ఊరి లైబ్రరీలో పనిచేస్తుంది, శనివారం ఒంటిగంటదాకా ఉంటుంది, వెళ్లమంది.

ఒలీటాకి నలభై అయిదుంటాయి. పుస్తకాలకి ముద్ర వేస్తూ తల ఎత్తింది. ఆర్డెల్ పేరు చెప్పుకుంది. తాను ఫలానా ఆఫీసు నుంచి, అని మొదలుపెట్టేలోపే ముద్ర కింద పెట్టేసింది.

"గడియారం పెట్టుకొచ్చినావిడ మీరేనా?"

అవునంది ఆర్డెల్.

"మావయ్య మీ గురించి చెప్పేవాడు. తన సూపు ఇష్టంగా తాగారంట," అని, ఒలీటా ఆమెని వెనక గదిలోకి తీసుకెళ్లింది.

ఇన్నేళ్లూ గెజిట్‌లో ప్రకటన వెతికి, కాగితం మీద అచ్చు తీసి మావయ్యకి ఇచ్చింది ఒలీటాయే. ఈసారి జనవరిలోనే ఆయన ఒక కవరు ఆమె చేతికిచ్చాడు. మేలో ప్రకటన పడుతుంది, అప్పటికి నేనుండను, నువ్వు పంపించమన్నాడు. ప్రకటన పడింది. ఆమె పంపలేదు. కవరు విప్పి చదివింది. మీ ఆఫీసులో నలుగురు చుట్టూ చేరి నవ్వుకుంటారనిపించిందంది. బల్ల సొరుగు లాగి కవరు తీసిచ్చింది.

లోపల తొంభై ఎనిమిది నాటి ఫారం. ముప్ఫై ఒకటో ప్రశ్న దగ్గర, 'ఉంది' అన్న గడిలో టిక్కు. దాని తర్వాతి ప్రశ్నలు కూడా చివరిదాకా నింపి ఉన్నాయి. అట్ట మీద పెన్సిలుతో: "పట్టిన కాలం, తొమ్మిదేళ్లు. సరిచేయగలరు."

ఆర్డెల్ నవ్వలేదు. ఎవరూ నవ్వరని చెప్పాలనుకుంది గానీ, ఆ ముందు వచ్చిన మూడు ఉత్తరాలకీ తను టైపు చేసిన జవాబులు గుర్తొచ్చాయి. ఒలీటా ఆమె ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టింది.

గడువు ముందురోజే అయిపోయింది. ఆ ఉత్తరం ఇక లెక్కలోకి రాదు. కానీ నగరంలోని పెద్ద ఆఫీసు ఇచ్చే ముప్ఫై రోజులున్నాయి. దేశంలో ఎవరైనా రాయవచ్చు. ఫారం పంపే ఆఫీసులో పనిచేసేవాళ్లు రాయకూడదని ఏ చట్టంలోనూ లేదు. ఎవరూ రాయరు, అంతే. ఆర్డెల్ రాసింది. ఇంటి చిరునామా పెట్టి, సొంత పేరుతో, రెండు పేజీలు. పరీక్షలో స్టాప్‌వాచ్ పట్టుకున్నది నేను, కూర్చున్నది తొమ్మిది మంది, మీకు చెప్పింది ఎనిమిది మంది సంగతి అని రాసింది. ముప్ఫై ఒకటో ప్రశ్న మనిషి మీద ఎంత బరువు వేస్తుందో తాను కళ్లారా చూశానని రాసింది. ఒలీటాని అడిగి ఆ ఫారం నకలు జతచేసింది.

పది రోజుల్లో పెద్ద ఆఫీసు నుంచి పరీక్ష కాగితాలన్నీ పంపమని కబురొచ్చింది. నార్బర్ట్ ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఇన్నేళ్లు పక్కపక్కన కూర్చున్నాం, ఆర్డెల్. నాతో ఒక్క మాట అని ఉండాల్సింది."

"అన్నాను, నార్బర్ట్. రెండుసార్లు అన్నాను."

అతను తన గదిలోకి వెళ్లిపోయాడు. ఏడాది తిరక్కుండా పదవీ విరమణ తీసుకున్నాడు. వీడ్కోలు కేకు కోసేటప్పుడు ఆర్డెల్‌ని పిలిచి మొదటి ముక్క ఇచ్చాడు. అది క్షమించడమో కాదో ఆమె తేల్చుకోలేకపోయింది.

పెద్ద ఆఫీసు చేసిందేమిటంటే, ముప్ఫై ఒకటో ప్రశ్న తీసేయించింది. జవాబిచ్చేవారి మీద అనవసర భారం అని కారణం రాసింది. ప్రశ్న పోయింది కాబట్టి ఫారానికి పట్టే కాలం ఇరవై నిమిషాలని దిద్దింది. ఆర్డెల్ ఆ కాగితం రెండుసార్లు చదువుకుని, చాలా కాలానికి ఆ వేసవిలో కంటినిండా నిద్రపోయింది. గొంతు వినపడటం మానేసింది. గెలిచాననే అనుకుంది.

ఆ ప్రశాంతత మూడేళ్లు నడిచింది. రెండువేల పదిలో ఫారం మళ్లీ గెజిట్‌కి ఎక్కింది. క్రిస్‌ఫీల్డ్ లైబ్రరీ కంప్యూటర్ నుంచి ఒక అభిప్రాయం వచ్చింది.

"పోయినేడు మా అమ్మ పోయింది. మీ ఫారం నాకు రాలేదు. వచ్చినా అందులో ఆ ప్రశ్న లేదని మీ ప్రకటనలో చూశాను. ఎవరు తీసేయమన్నారు? మావయ్య తీసేయమనలేదు. టైము సరిగ్గా వెయ్యమన్నాడు, అంతే. ఆ మాట ఆయన్ని అడిగింది మీరొక్కరే. డాక్టరు అడగలేదు, పాస్టరు అడగలేదు, ఒకే ఊళ్లో ఉండి నేనూ అడగలేదు. తొమ్మిదేళ్లు ఆయన దాంతోనే అత్తతో కాపురం చేశాడు. నన్ను అడిగేవాళ్లెవరూ లేరు. ఆ ప్రశ్న మళ్లీ పెట్టండి. ఒలీటా మార్ష్."

ఆర్డెల్ ఆ మధ్యాహ్నం దాన్ని చదివింది. టైము సరిగ్గా వెయ్యమన్నాడు, అంతే. మూడు ఉత్తరాలూ సొరుగులోంచి తీసి చూసుకుంది. మూడింటిలోనూ ఆ మాటే ఉంది. ఇంకో కోరిక ఏదీ లేదు. మనిషి నీళ్లు అడిగితే తను బావి పూడ్పించింది.

గొంతు తిరిగొచ్చింది. ఈసారి అది గడి గురించి అడగలేదు. నా ప్రశ్న ఎక్కడ పెట్టారండీ అన్నట్టుండేది.

నార్బర్ట్ కుర్చీలో అప్పటికి జాయ్స్ యున్ అనే చురుకైన మనిషి ఉంది. ఆర్డెల్ ఆమె దగ్గరికి వెళ్లి కూర్చుని, మొదట్నించీ అంతా చెప్పింది. ప్రశ్నని పాత రూపంలో పెట్టనక్కర్లేదంది. గళ్లు వద్దు. ఆఖరి పేజీలో ఖాళీ గీతలు వదులుదాం. పోయినవారు చివర్లో అడిగింది ఏదైనా మీ మనసులో ఉండిపోతే, రాయాలనిపిస్తే ఇక్కడ రాయండి, రాయకపోయినా ఏమీ కాదు అని పెడదాం.

"గళ్లు లేకపోతే లెక్క ఎలా కడతాం?" అంది జాయ్స్.

"కట్టలేం."

"మరి ఎవరు చదువుతారు?"

"నేను చదువుతాను," అంది ఆర్డెల్.

కొత్తగా తొమ్మిది మందితో పరీక్ష జరిగింది. ఎవరినీ వదల్లేదు. సగటు కాలం నలభై ఏడు నిమిషాలని అచ్చులో పడింది. నింపేవాళ్లు తగ్గుతారన్న భయం కొంత నిజమే అయింది. తగ్గారు. అయినా మొదటి ఏడాది రెండున్నర వేల ఫారాలు తిరిగొచ్చాయి. అందులో ఆరువందల పైచిలుకు వాటి ఆఖరి పేజీ మీద రాత ఉంది.

రోజూ మూడు దాటాక మిగతా పని పక్కన పెట్టి ఆర్డెల్ అవి చదివేది. డాక్టరు వద్దన్నాడని ఒకామె మొగుడికి చివరి పది రోజులూ ఉప్పు లేని జావ పోసింది, అతను అడిగింది చిటికెడు ఉప్పు. ఒకాయన తల్లి, ఏళ్లుగా తనతో మాటల్లేని చెల్లెలి ఫోను నంబరు అడిగితే, దొరకలేదని అబద్ధమాడాడు. నంబరు అప్పుడు అతని జేబులోనే ఉంది. ఒకరు 'తన కుక్కని' అని రెండే మాటలు రాశారు. ఒకామెతో తల్లి, నన్ను అమ్మా అని కాకుండా పేరు పెట్టి పిలవమందట, అదెందుకో ఆ కూతురికి ఇప్పటికీ తెలియదట. కొన్ని పేజీల్లో రాసి కొట్టేసిన గీతలే ఉండేవి. ఆర్డెల్ వాటిని వెలుతురుకి ఎత్తి చూసేది గానీ, కొట్టేసినదాన్ని కూడబలుక్కుని చదవడానికి మనసొప్పేది కాదు.

చదివినట్టు మూల మీద తేదీ వేసి, పొడి అక్షరాలు పెట్టేది. ఆరేళ్లలో మూడువేల పేజీలు దాటాయి. అందులో వాళ్లంతా ఆమెతో ఇంటికి వచ్చేవాళ్లు. జావ గిన్నె ముందు పెట్టుకుని ఉప్పు కోసం చెయ్యి చాచి ఆగిపోయేది. కొరీన్‌కి భయం వేసింది. మీ ఆఫీసులో ఎవరైనా డాక్టరుంటే చూపించుకోమంది. ఆర్డెల్ నవ్వి, "వాళ్లు నన్నేం చేస్తారే, పాపం. అడుగుతారు, అంతే," అంది. ఆ మాటకి కొరీన్ ఇంకా భయపడింది.

రెండువేల పదహారులో ఆర్డెల్ విరమణ తీసుకుంది. ఆమె కుర్చీలోకి వచ్చినవాళ్లకి వేరే పనులు చాలా ఉన్నాయి. ఆఖరి పేజీలు ఇప్పుడు ఎవరు చదువుతారని ఒకసారి ఫోను చేసి జాయ్స్‌ని అడిగింది. భద్రంగా దాస్తున్నామంది జాయ్స్. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. అందుకే అంతకు మించి చెప్పలేదు.

ఆ తర్వాత చర్చిలో ఎవరింట్లో మనిషి పోయినా, ఖననం అయ్యాక పెట్టే భోజనాలకి ఆర్డెల్ ఆకుకూరా మకరోనీ వండి పట్టుకెళ్లడం మొదలుపెట్టింది. అందరూ తిని లేస్తున్న వేళ ఇంటివాళ్లలో ఒకరి పక్కన కూర్చుని, మెల్లగా ఆ ప్రశ్న అడిగేది. చివర్లో ఏమైనా అడిగారా అని. మిసెస్ గైథర్ అయితే ఆమెని వంటింట్లోంచి బయటికి వెళ్లమంది, ఆ తర్వాత ఏడాది పలకరించలేదు. కొందరు గిన్నెలు కడిగేదాకా చెబుతూనే ఉండేవాళ్లు. పాస్టరు ఒకసారి పక్కకి పిలిచి, దుఃఖంలో ఉన్నవాళ్లని కదపకూడదు తల్లీ అన్నాడు. కొరీన్ బతిమాలింది. మానేస్తానంది ఆర్డెల్, రెండు నెలలు మానేసింది కూడా.

మొన్న శరత్కాలంలో చర్చి పెద్ద, డీకన్ రాయిస్ బైనమ్ భార్యని ఖననం చేశారు. యాభై నాలుగేళ్ల కాపురం. భోజనాల దగ్గర ఆర్డెల్ ఆయన పక్కన కూర్చుంది. అడక్కూడదని వచ్చింది, అడిగింది. ఆయన ప్లేటులోకి చూస్తూ, ఏమీ అడగలేదమ్మా, హాయిగా పోయిందన్నాడు. ఆమె ఆయన చెయ్యి ఒకసారి నొక్కి, తన గిన్నెలు సర్దుకుని కారు దగ్గరికి నడిచింది. వెనక డిక్కీ మూసి తిరిగేసరికి ఆయన అక్కడ నిలబడి ఉన్నాడు. ఆమె మర్చిపోయిన మకరోనీ పళ్లెం రెండు చేతుల్తో పట్టుకుని ఉన్నాడు. కడిగి తెచ్చాడు, ఇంకా తడిగా ఉంది. ఆర్డెల్ చెయ్యి చాచింది. ఆయన ఇవ్వలేదు. పెదాలు ఒకసారి కదిలి ఆగిపోయాయి.

చుట్టూ కార్లు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. కొరీన్ ముందు సీట్లోంచి "అక్కా" అని పిలిచింది. ఆర్డెల్ వెనక్కి చూడకుండా, ఆగమన్నట్టు చెయ్యెత్తి, ఆయన ఎదురుగా అలాగే నిలబడింది.